మెజారిటీ వచ్చినా వీగిపోయిన బిల్లు

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన శనివారం మా తొమ్మిదో తరగతి పిల్లలు 60 మంది మాక్ పార్లమెంట్ నడిపారు. ప్రజారోగ్యాన్ని రాజ్యాంగంలోని రాష్ట్ర జాబితా నుంచి ఉమ్మడి జాబితాకు మార్చాలన్నది బిల్లు. అలా మారితే కేంద్రం కూడా దానిమీద చట్టం చేయొచ్చు. రాష్ట్ర చట్టంతో పొసగకపోతే మామూలుగా కేంద్ర చట్టమే చెల్లుతుంది. 1976లో 42వ రాజ్యాంగ సవరణతో చదువు, అడవులు ఇలాగే ఉమ్మడి జాబితాలోకి వెళ్లాయి.

ఎవరు ఏ పక్షమో చీటీలు తీసి తేల్చాం. తమ నమ్మకానికి ఎదురు వాదించాల్సి వచ్చిన పిల్లలే బాగా చదువుకొచ్చారు. అంటువ్యాధికి రాష్ట్ర సరిహద్దు తెలియదని అధికార పక్షం అంది. "దోమలు ఎక్కడున్నాయో ఊళ్లోవాళ్లకే కదా ముందు తెలిసేది, మరి నిర్ణయం ఢిల్లీలో ఎందుకు?" అని ఒక అమ్మాయి అడిగితే సభ నిశ్శబ్దమైపోయింది. రాష్ట్రం దగ్గర డబ్బు లేకపోతే అధికారం ఉండి ఏం లాభమని మంత్రి ఎదురడిగాడు. అదీ నిజమే.

అసలు పాఠం ఓటింగ్ దగ్గర మొదలైంది. స్పీకర్ మూజువాణి ఓటుతో, అంటే నోటిమాటతో తేల్చబోతే, రాజ్యాంగ సవరణకు డివిజన్, అంటే ఓట్లు లెక్కపెట్టడం, తప్పనిసరని వెనక బెంచీ నుంచి ఒకరు లేచారు. అనుకూలం 38, వ్యతిరేకం 20, తటస్థం 2. చప్పట్లు మోగి, లెక్క చూశాక ఆగిపోయాయి. మొత్తం సభ్యుల్లో సగానికి పైగా మద్దతు ఒక్కటే చాలదు, ఓటేసినవాళ్లలో మూడింట రెండు వంతులు కూడా కావాలి. 58లో 39 రావాలి. ఒక్క ఓటు తగ్గింది. తటస్థంగా ఉన్న ఇద్దరూ అనుకూలంగా వేసుంటే 60లో 40, సరిగ్గా సరిపోయేది. నిజం సభలోనైతే ఆ తర్వాత కనీసం సగం రాష్ట్రాల శాసనసభలూ ఒప్పుకోవాలి.

"ఎక్కువ ఓట్లు మావే కదా మేడమ్, ఎలా ఓడిపోయాం?" అని మంత్రి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఈ ప్రశ్న పుట్టాలనే నేను ఈ బిల్లు ఎంచుకున్నాను. ఆస్పత్రులు ఎలా నడవాలో చెప్పే చట్టం వేరు, ఆ సంగతి ఎవరు చెప్పాలో మార్చే చట్టం వేరు. మొదటిది నచ్చకపోతే వచ్చే ప్రభుత్వం మార్చుకుంటుంది. రెండోది ఒకసారి జరిగితే వెనక్కి తేవడం కష్టం. చదువు ఇప్పటికీ ఉమ్మడి జాబితాలోనే ఉంది. అందుకే రాజ్యాంగ సవరణకు గడప అంత ఎత్తున కట్టారు.

తటస్థంగా ఉన్న ఆ ఇద్దరినీ తోటి పిల్లలు నిలదీశారు. ఏదీ తేల్చుకోలేకపోయామని వాళ్లు నిజాయితీగా చెప్పారు. అది తప్పు కాదని తరగతికి నేనే చెప్పాను.

వచ్చే నెల ఇదే బిల్లు మార్పులతో మళ్లీ వస్తుంది, పక్షాలు తారుమారవుతాయి. ఈలోగా మీ పిల్లలు ఇంట్లో ఈ మాట ఎత్తితే, మీ అభిప్రాయం చెప్పేముందు వాళ్లు ఎటు ఓటేశారో, ఎందుకు వేశారో అడిగి వినండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు