కనుబొమలు రాలితే గురివింద గింజేనా మందు?

సంపాదక మహాశయులకు నమస్కారం.

పోయిన ఆదివారం కాక అంతకు ముందు ఆదివారం మీ అనుబంధంలో ఒత్తయిన కనుబొమల కోసం వేసిన చిట్కాల గురించి ఈ ఉత్తరం. ఈపాటికి డాక్టర్లెవరైనా తప్పుబడతారు, మీరు సవరణ వేస్తారు అని చూశాను. వేయకపోగా, ఈ వారం కనురెప్పల వెంట్రుకలకూ అదే వైద్యం చెప్పారు.

ఆముదం రాసుకోమన్నారు, సరే. దాంతో కొత్త వెంట్రుక మొలుస్తుందనడానికి గట్టి రుజువేమీ లేకపోయినా పెద్ద నష్టమూ లేదు. ఉల్లిరసం కంటి పక్కన పట్టించమన్నవారు ముందు తాము పట్టించుకుని చూడాల్సింది. కానీ గురివింద గింజ అరగదీసి బొమలకు రాయడమేమిటండీ? అందులో అబ్రిన్ అనే విషం ఉంది. కంట్లో పడితే కన్ను వాచిపోతుంది, చూపుకే ఎసరు రావచ్చు. మన ఎండలకు చెమట పడితే బొమ మీద రాసింది ఎక్కడికి కారుతుందో మీ చిట్కాల రచయితకు తెలియదా? నాటువైద్యుల మీద మొన్ననేగా మొదటి పేజీలో విరుచుకుపడ్డారు! గురివింద తన నలుపెరగదని పెద్దలు ఊరికే అనలేదు.

వెంట్రుకలు బిళ్లలు బిళ్లలుగా రాలిపోయే పేనుకొరుకుడు పేను కొరికితే వచ్చేది కాదు. ఒంట్లోని రక్షణ వ్యవస్థే వెంట్రుకల కుదుళ్ల మీద పడితే వస్తుంది. కొద్దిగా రాలితే చాలామందికి కొన్ని నెలల్లో దానంతట అదే మొలుస్తుంది, పేరు గురివిందకు పోతుంది. మొలవకపోతే స్కిన్ డాక్టర్లు సన్న సూదితో స్టెరాయిడ్ ఇస్తారు. బాగా ముదిరినవాళ్లకు బారిసిటినిబ్ లాంటి మాత్రలూ వచ్చాయి, రక్తపరీక్షలు చేయించుకుంటూ వాడాలి. బొమల చివరలు పలచబడితే ఒకసారి థైరాయిడ్ పరీక్ష చేయించుకోవాలి. రెప్పల అంచున పొట్టు కట్టి దురద పెడుతుంటే గోరువెచ్చని కాపడం, శుభ్రత కావాలి, నూనె జిడ్డు కాదు. ఇక ఆన్‌లైన్‌లో రెప్పల వెంట్రుకలు పెంచుతామని అమ్మే చుక్కల్లో కొన్నింటిలో ఉండేది నీటికాసుల (గ్లకోమా) మందు బిమాటోప్రాస్ట్. వెంట్రుకలు పెరుగుతాయి, నిజమే. రెప్పల చర్మం నల్లబడటం, కళ్లు ఎర్రబడటం కూడా ఉంటాయి. మానేస్తే మళ్లీ మొదటికే.

నా అసలు బాధ వేరే. ఉద్యోగమంతా కుష్ఠు విభాగంలో చేసినవాణ్ణి. బొమలు బయటి చివర నుంచి రాలుతున్నాయంటే మా రోజుల్లో మనిషిని ఆరుబయట వెలుతురులో నిలబెట్టి చూసేవాళ్లం. చెవి తమ్మెలు దళసరెక్కాయా, ముఖం నున్నగా మెరుస్తోందా అని చూసి, మోచేతి వెనక నరాన్ని వేళ్లతో తడిమేవాళ్లం. బొమలు రాలిన ప్రతివారికీ పెద్దరోగమని కాదు, చాలామందికి కాదు. కానీ ఉన్న ఆ కొద్దిమందికి మీ చిట్కా పుణ్యమా అని నెలలు గడిచిపోతాయి. బ్యూటీపార్లర్ అమ్మాయి పెన్సిల్‌తో గీసేస్తుంది, ఇంట్లోవాళ్లకూ కనబడదు. ఆలోగా నరాలు దెబ్బతింటాయి. రాలిన బొమలు తర్వాత వస్తాయన్న నమ్మకం లేదు గానీ, వేళకు మందు పడితే కాళ్లూ చేతులూ కళ్లూ దక్కుతాయి. ఆ మందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితం. ఇలాంటి కేసుకు ఏడాది వాడాలి.

2005 చివర్లో దేశంలో కుష్ఠు ప్రజారోగ్య సమస్యగా లేదని ప్రకటించేశారు. అప్పటినుంచి పట్టించుకునే నాథుడు లేడు. ప్రపంచంలో ఏటా కొత్తగా బయటపడే కేసుల్లో సగానికి పైగా మన దేశంలోవే, అయినా అధికారులకు జనవరి 30న కుష్ఠు వ్యతిరేక దినమని బ్యానర్ పట్టుకుని ఫొటో దిగితే పని అయిపోయినట్టే. ఇంటింటి సర్వే అంటారు. గుమ్మంలోంచే "మచ్చలున్నాయా అమ్మా?" అని అడిగి, తలుపు మీద సుద్దముక్కతో గీత గీసి పోతారు. ముఖం వైపు చూసే తీరికేదీ? పాపం ఆశా కార్యకర్తలను అని లాభం లేదు, నేర్పేవాళ్లను ఉంచితే కదా! మా పోస్టులు ఖాళీ అయినవి ఖాళీగానే ఉన్నాయి.

చిట్కాలకు ఇచ్చినంత చోటే ఇచ్చి, అదే పేజీలో ఒక చర్మవైద్యుల చేత రాయించండి. గురివింద వాడొద్దన్న మాట మాత్రం ఆదివారం దాకా ఆపకుండా రేపే వేయండి, టెండరు ప్రకటనల కింద మూలన కాదు.

- ఒక విశ్రాంత పారామెడికల్ ఉద్యోగి, ఉత్తరాంధ్ర