టీచర్లు దొరకడం లేదా, జీతాలివ్వబుద్ధి కావడం లేదా?

సంపాదకుడికి,

గత వారం మీ విశాఖ పేజీల్లో ప్రైవేటు స్కూళ్ల యాజమాన్యాల గోడు చదివాను. అర్హులైన టీచర్లు దొరకడం లేదట! మా గోపాలపట్నంలోనే ఏ వీధిలో చూసినా బీఎడ్ చదివి ఖాళీగా ఉన్న పిల్లలు కనిపిస్తారు. పాపం, యాజమాన్యాల కంటికి ఆనలేదు కాబోలు.

మా అమ్మాయి రెండేళ్ల బీఎడ్ చేసింది, టీచర్ల అర్హత పరీక్ష టెట్ పాసైంది. మధురవాడ నుంచి గాజువాక దాకా బయోడేటాలు ఇచ్చి వచ్చింది. ఎక్కడికెళ్లినా ఎక్స్‌పీరియన్స్ ఎంత అన్న ప్రశ్నే. కొత్తవాళ్లను ఎవరూ తీసుకోకపోతే అది ఎక్కడి నుంచి ఊడిపడుతుంది? ఒకచోట డెమో క్లాసని పిలిచి, ఆ రోజు సెలవు పెట్టిన టీచరు పీరియడ్లన్నీ చెప్పించుకుని, కబురు చేస్తామన్నారు. చేస్తే ఒట్టు.

చివరికి ఒక స్కూలు తీసుకుంది. నెలకు పదివేలు. మే నెల జీతం ఉండదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల బీరువాలో పెట్టుకున్నారు, మధ్యలో మానేయకుండా అట! ఏప్రిల్ వచ్చిందంటే ఈ ఉక్కపోతలో అపార్టుమెంట్లు ఎక్కి దిగుతూ అడ్మిషన్లు తేవాలి, దానికో టార్గెట్. కరపత్రాలు పంచడానికి కూడా బీఎడ్ కావాలా అండీ?

ఫీజుల్లో సగం సిబ్బంది జీతాలకే ఖర్చు పెట్టాలని 1994 నాటి జీవో నంబర్ 1 చెబుతోంది. ఇన్నేళ్లలో ఒక్క అధికారైనా ఏ స్కూల్లోనైనా జీతాల రిజిస్టరు అడిగి చూశారా? పుస్తకాలు, యూనిఫాం, చివరికి బూట్లు కూడా స్కూల్లోనే అమ్ముతుంటే కళ్లు మూసుకునేవారికి ఈ రిజిస్టర్లేం కనిపిస్తాయి లెండి.

పోనీ సర్కారు కొలువు చూసుకుందామంటే, 2018 డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ల ఎంపిక పరీక్ష) తర్వాత మళ్లీ నియామకాలు జరిగింది 2025లో. మధ్యలో 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు, అదీ రద్దయింది. తర్వాత 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ అన్నారు. ఏడేళ్ల బకాయి ఒకేసారి తీరిస్తే దానికి మెగా అని పేరు! అప్పటికి చదువు పూర్తికాని మా అమ్మాయి లాంటివాళ్లు తర్వాతి నోటిఫికేషన్ కోసం ద్వారకానగర్ కోచింగ్ సెంటర్లకు ఫీజులు కడుతూ కూర్చోవాలి. ఆ ఫీజు కట్టేది ఆ పదివేల నుంచే.

విద్యాశాఖ అధికారులు ముందు ఆ బీరువాల్లో ఉన్న సర్టిఫికెట్లు వెనక్కి ఇప్పించాలి. మీ విలేకరి ఈసారి యాజమాన్యాల గోడు రాసేటప్పుడు, జీతమెంత ఇస్తున్నారో కూడా అడిగి అచ్చేస్తే బాగుంటుంది.

- ఒక తండ్రి, గోపాలపట్నం, విశాఖపట్నం