ఆ ఫొటో కింద రాసిన మాట బాగోలేదండీ

సంపాదకుడు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం అనుబంధంలో ఎర్ర దుప్పట్లు చుట్టుకున్న మసాయి (తూర్పు ఆఫ్రికాలో పశువులు మేపుకునే తెగ) కుర్రాళ్లు గాల్లోకి ఎగురుతున్న ఫొటో వేసి, కింద 'ఆటవికుల గంతులు' అని రాశారు. ఫొటో బాగుంది. ఆ మాట చూశాక మాత్రం ఊరుకోలేకపోయాను, ఎందుకంటే పోయిన నెలలోనే మసాయివాళ్లతో ఒక రోజంతా తిరిగాను.

మాది ఒంగోలు దగ్గర పల్లె, పదేళ్లుగా హ్యూస్టన్‌లో ఉంటున్నాం. మా పక్కింటాయన వెళ్లే చర్చికి టాంజానియాలోని అరూషా వైపు నుంచి మసాయి గాయక బృందం ఒకటి వచ్చింది. రోజూ ఏదో ఒక ఊళ్లో కచేరీ, మధ్యలో ఒక్క రోజు ఖాళీ. మాల్‌కి తీసుకెళ్దామని ఇక్కడివాళ్లు అనుకుంటే, అదేం వద్దు, పశువులున్న చోటు చూపించండి చాలన్నారట. వ్యాన్ నడపడానికి మనిషి తక్కువై నన్ను పిలిచారు, అదీ నేను వెళ్లిన సంగతి.

నైరుతి వైపు గంటన్నర పోతే రోడ్డుకి రెండు పక్కలా పచ్చిక బయళ్లే. మేం వెళ్లిన రాంచ్‌లో, అంటే పశువుల్ని పెంచే పెద్ద క్షేత్రంలో, ఉన్నవి బ్రాహ్మన్ ఆవులు. మన దేశపు పశువుల నుంచి ఇక్కడివాళ్లు తయారు చేసుకున్న జాతి అది, అందులో నెల్లూరు రకం రక్తం కూడా ఉంది, అంటే మన ఒంగోలు గిత్తే. నేను ఆ సంబరంలో ఫోన్ తీసి ఫొటోలు కొడుతుంటే, బృందంలోని పెద్దాయన నేరుగా ఒక ఎద్దు దగ్గరికి వెళ్లి, గంగడోలు కింద చెయ్యి పెట్టి నిమిరి, మూపురం చూసి, తొడ మీద కాల్చి వేసిన గుర్తుని వేలితో మెల్లగా దిద్దాడు. వాళ్ల దగ్గరా ఇలాగే వేస్తారట, గుర్తు చూస్తే ఎవరి మందో తెలిసిపోతుందట.

నేనేమో నోరు ఊరుకోక "మొత్తం ఎన్ని ఉన్నాయండీ?" అని రాంచ్ ఆయన్ని అడిగాను. ఆయన టోపీ సర్దుకుని "ఉన్నాయి కొన్ని" అన్నాడు. ఇంగ్లీషు వచ్చిన కుర్రాడు అది చెప్పగానే పెద్దాయన పకపకా నవ్వాడు. పశువుల లెక్క అడగడం వాళ్లలోనూ తప్పేనట. మా నాయనమ్మ కూడా దిష్టి తగులుతుందని దొడ్లో గేదెల్ని లెక్కపెట్టనిచ్చేది కాదు, నాకే బుద్ధి లేకపోయింది.

కంచె దగ్గర ముళ్ల తీగ కథ వచ్చింది. 1874లో ఆ తీగకి పేటెంటు వచ్చాక టెక్సాస్‌లో ఎవరికి వాళ్లు బయళ్లు చుట్టేసుకున్నారు, 1883 కరువులో గడ్డీ నీళ్లూ దొరకనివాళ్లు రాత్రిళ్లు కంచెలు కోశారు, మనుషులు చచ్చిపోయారు, మరుసటేడు కంచె కొయ్యడం పెద్ద నేరమని చట్టం తెచ్చారు. అంతా విని పెద్దాయన ఒక్కటే అడిగాడు: కోసినవాళ్ల పశువులు ఏమయ్యాయి? రాంచ్ ఆయన దగ్గర జవాబు లేదు.

ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో ఇంటికొచ్చి చదివితే గానీ నాకు తలకెక్కలేదు. 1959లో టాంజానియాలోని సెరెంగెటి బయళ్లని అడవి జంతువులకే వదిలెయ్యాలని మసాయివాళ్లని అక్కడి నుంచి పక్కనున్న న్గోరోంగోరో వైపు పంపేశారు. 2022 జూన్‌లో ఆ వైపే ఉన్న లోలియోండోలో 1,500 చదరపు కిలోమీటర్ల మేత భూమికి ప్రభుత్వం హద్దురాళ్లు పాతుతుంటే పోలీసులకీ వాళ్లకీ పెద్ద గొడవైంది. ఇవి మీరు వేశారేమో నాకు గుర్తు లేదు, ఎగిరే ఫొటో మాత్రం వేశారు.

ఇంకో మాట, ఆ రోజు ఎవరూ ఎగరలేదు. మీరు గంతులన్నది అడుము అనే నాట్యం, కుర్రాళ్లు యోధుల దశ దాటే పండగలో చేసేది. నీళ్ల తొట్టి దగ్గర ఒకతను పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు గొంతు లోపలి నుంచి హుమ్మంటూ అందుకున్నారు, డప్పు లేదు, మరో వాయిద్యమూ లేదు. మేస్తున్న ఆవులు తలలెత్తి ఒక్కొక్కటే కంచె దాకా వచ్చి నిలబడ్డాయి. పాట ఆపాక కూడా కదల్లేదు.

సవరణ వెయ్యండి, చిన్నదైనా పర్లేదు. వెళ్లేముందు పెద్దాయన నా ఫోన్‌లో మా ఊరి ఒంగోలు గిత్తల ఫొటో చూసి పంపమంటే ఆ కుర్రాడి వాట్సాప్‌కి పంపాను. మీ సవరణ కూడా దానికే పంపుతాను.

ఇట్లు,
మీ పాఠకుడు, హ్యూస్టన్