గేరుబాక్సు మార్పించే ముందు అమ్మ మాట

పుదుపేట, చెన్నై.

చిరంజీవి స్వప్నకి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. కంటి ఆపరేషన్ అయ్యాక చుక్కల మందు వేయించుకోవడానికి నాన్న రోజూ పేచీ పెడుతున్నారు. ఈశ్వరి అత్త ఆవకాయ పంపింది, నీ వాటా వేరే జాడీలో తీసి పెట్టాను. మొన్న రవి కొట్టుకి వచ్చాడు. "అక్క కారు ఆటోమేటిక్ బాక్సు పోయిందట, తక్కువ ఖర్చులో మాన్యువల్ పెట్టించాలని చూస్తోంది, నీకు చెప్పలేదా పెద్దమ్మా" అన్నాడు. నువ్వు ఎక్కడ చెప్పావు? ఫోన్ చేస్తే మీటింగ్ అంటావు, మళ్లీ చేస్తానంటావు, చెయ్యవు. వాడు ఇంకో మాట కూడా అన్నాడు. అది తర్వాత అడుగుతాను, ముందు బండి సంగతి.

బాక్సు పోయిందని మెకానిక్ నోటితో చెప్పాడా, విప్పి చూపించాడా? గేరు మారనంత మాత్రాన మొత్తం బాక్సు పోయినట్టు కాదమ్మా. బాక్సులో ఆయిల్‌ని దారి మళ్లించే వాల్వ్ బాడీలో ఒక సొలెనాయిడ్, అంటే కరెంటుతో తెరుచుకునే చిన్న వాల్వు, పనిచేయకపోయినా, స్పీడ్ సెన్సర్ వైరు తెగినా, కంప్యూటర్ బండిని ఒకే గేరులో పెట్టేస్తుంది. ముందు స్కానర్ పెట్టి, కంప్యూటర్ ఏ లోపం చూపిస్తోందో ఆ కోడ్ చూడమను. తర్వాత ఆయిల్ చూడమను. అది ఎర్రగా, తేటగా ఉండాలి. నల్లబడి మాడు వాసన వేస్తే లోపల ప్లేట్లు కాలినట్టు. కింద పాన్ విప్పితే అయస్కాంతం ఉంటుంది. దానికి బూడిదరంగు మెత్తటి పొడి అంటుకుని ఉంటే మామూలే, లోహపు ముక్కలు కనిపిస్తేనే భయపడాలి. సొలెనాయిడ్ మారిస్తే పోయేదానికి బాక్సంతా పీకిస్తే ఎలా? ఇంకొకటి, బండిని షెడ్డుకి పంపేటప్పుడు ముందు చక్రాలు నేలమీద దొర్లేలా తాడు కట్టి లాగించకు. ఇంజను ఆగి ఉంటే ఆటోమేటిక్ బాక్సులో ఆయిల్ తిరగదు, ఉన్న కాస్త ప్రాణం కూడా పోతుంది. ఫ్లాట్‌బెడ్ బండే పిలిపించు.

అసలు నువ్వు ఆటోమేటిక్ కొన్నది సరదాకి కాదు. ఎడమ మోకాలి లిగమెంట్ తెగాక క్లచ్ వద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. బెంగళూరులో మారతహళ్లి నుంచి సిల్క్ బోర్డు దాకా ఆ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో క్లచ్ ఎన్నిసార్లు తొక్కాలో నీకు తెలుసు. నడకకి వెళ్తున్నావా? మోకాలికి బెల్టు వేసుకుంటున్నావా? ఇవన్నీ పక్కనపెట్టి మాన్యువల్ అంటున్నావంటే డబ్బుకి ఎంత ఇబ్బంది వచ్చిందోనని నాకు టెన్షన్‌గా ఉంది. సరే, దాని గురించి ఇప్పుడు అడగను.

పెద్దమావయ్య జెన్ ఆటోమేటిక్ గుర్తుందా? 2015 డిసెంబరులో అడయారు నది పొంగినప్పుడు జాఫర్‌ఖాన్‌పేట ఇంటి ముందే అది మునిగింది. నీళ్లు తగ్గాక బాక్సు ఆయిల్ తీయిస్తే అచ్చం రోజ్ మిల్క్ వచ్చింది. ఆయిల్‌లో నీళ్లు కలిశాక లోపలి ప్లేట్ల మీది లైనింగు ఉబ్బి ఊడిపోతుంది, ఇక అది బతకదు. మావయ్య మన పుదుపేట పాత సామాన్ల వీధిలోనే మాన్యువల్ బాక్సు ఒకటి బేరం చేసి, చవగ్గా దొరికిందని మురిసిపోయాడు. నాన్న అప్పుడే చెప్పారు, బాక్సు ఒక్కటే కొనకు, గుద్దుకుని స్క్రాపుకి వచ్చిన మాన్యువల్ బండి మొత్తం చూసుకో, లేకపోతే ఒక్కొక్క వస్తువుకీ మళ్లీ తిరగాలి అని. వింటేనా! తెచ్చి చూస్తే ఆటోమేటిక్ ఇంజనుకి వెనకాల ఉండేది సన్నటి రేకు ప్లేటు, దాని మీద క్లచ్ కూర్చోదు. క్లచ్ కూర్చునే బరువైన చక్రం, ఫ్లైవీల్, కావాలి. దాని బోల్టులు వేరే పొడవు. పెడల్ సెట్టు కావాలి, క్లచ్ కేబుల్ కావాలి, గేరు లివరు కావాలి, మౌంటింగులు కుదరలేదు. బాక్సు నుంచి చక్రాలకి వెళ్లే డ్రైవ్ షాఫ్టు పొడవు తేడా వచ్చి మళ్లీ రెండు కొన్నాడు. రేడియేటర్‌లోకి వెళ్లే బాక్సు ఆయిల్ గొట్టాలు మూయాలని ఎవరికీ తట్టలేదు, వర్క్‌షాపు నేలంతా ఆయిలే. వేసుకున్న లెక్కకి రెట్టింపు అయింది. బండి పొంగల్ దాటినా అక్కడే ఉంది.

అంతా బిగించాక స్టార్టరు తిరగలేదు. ఆటోమేటిక్‌లో లివరు పార్కులోనో న్యూట్రల్‌లోనో ఉంటేనే స్టార్టరు తిరగనిచ్చే స్విచ్ ఒకటి ఉంటుంది. పాత బాక్సుతో పాటు అదీ పోయింది. ఆ మెకానిక్ రెండు వైర్లు కలిపి చుట్టేసి, అయిపోయింది సార్ అన్నాడు. పని జరిగినట్టే కనిపించింది. ఒకరోజు పొద్దున బండి ఫస్ట్ గేరులో ఉందని చూడకుండా మన శీను కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పాడు. బండి ముందుకి దూకి తులసికోటని గుద్దింది. అత్త అప్పుడే అక్కడ ముగ్గు వేసి లోపలికి వెళ్లింది. ఇప్పటికీ తలుచుకుంటే నాకు గుండె దడ. ఆ తర్వాత నాన్నే వెళ్లి, క్లచ్ పెడల్ పూర్తిగా తొక్కితేనే స్టార్టరు తిరిగేలా స్విచ్ పెట్టించారు. నువ్వు ఎక్కడ ఖర్చు తగ్గించినా ఇక్కడ మాత్రం తగ్గించొద్దు. పని అయ్యాక నీ కళ్ల ముందే స్టార్ట్ చేయించి చూడు.

నీ బండి ఇంకా కొత్త తరం కాబట్టి కంప్యూటర్ సంగతి కూడా ఉంది. ఆటోమేటిక్ బండి ఈసీయూ, అంటే ఆ కంప్యూటరు, తీసేసిన బాక్సు కోసం వెతుకుతూ లైటు వెలిగిస్తూనే ఉంటుంది. మాన్యువల్ బండి ఈసీయూ తీసుకుంటే దాని ఇమ్మొబిలైజరు (సరైన తాళం కాకపోతే ఇంజనుని ఆపే పెట్టె), తాళం కూడా అదే బండివి తీసుకోవాలి, లేకపోతే ఇంజను పట్టదు. శివాజీనగర్‌లో పాత సామాను కొనేటప్పుడు ఇవి విడివిడిగా అంటగడతారు, జాగ్రత్త. బాక్సు కొనేముందు ఇంజను వైపు ఉండే ఇన్‌పుట్ షాఫ్టు చేత్తో తిప్పి చూడు, గరగర ఉండకూడదు. గేర్లన్నీ వేసి చూడు. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మాత్రం పాతవి వద్దు, జేసీ రోడ్డులో కొత్తవి కొను. బాక్సు దింపినప్పుడే ఇంజను వెనక ఆయిల్ సీలు కూడా మార్పించు. అది కారితే కొత్త క్లచ్ తడిసి జారుతుంది, మళ్లీ అంతా దింపాలి. ఫ్లైవీల్ పాతదైతే లేత్ మీద పెట్టించి నునుపు చేయించు. ఏ సామానైనా బిల్లు తీసుకో, బిల్లు ఇవ్వని చోట కొనకు.

కాగితాల సంగతి ఆఖరికి వదిలెయ్యకు. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ఉంది. ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. అందుకని పని మొదలుపెట్టకముందే మీ ఆర్టీఓలో అడుగు, ఇన్సూరెన్సు వాళ్లకి మెయిల్ పెట్టి జవాబు దాచుకో. రేపు ఏదైనా జరిగి, బండి మార్చారు కాబట్టి క్లెయిమ్ ఇవ్వమంటే ఎవరిని అడుగుతాం?

ఇంత రాశాక కూడా నా మనసు బండి మీద లేదమ్మా. మీ కంపెనీలో చాలామందిని తీసేశారనీ, నువ్వూ అందులో ఉన్నావనీ రవి అన్నాడు. నాన్నకి నేను ఇంకా చెప్పలేదు. నిజమైతే నిజమని చెప్పు. ఉద్యోగం పోతే ఇంకొకటి వస్తుంది, అప్పటిదాకా అద్దెకి ఇక్కణ్ణుంచి పంపుతాం. నీ పేరు మీద నేను కట్టిన ఆర్డీ ఈ ఏడు చేతికొస్తుంది. దాంతో ఆ ఆటోమేటిక్ బాక్సే బాగు చేయించు, మోకాలు దక్కుతుంది. అబద్ధమైతే అబద్ధమని చెప్పు, రవిగాడి సంగతి నేను చూస్తాను. ఏదైనా నీ నోటితో చెప్పు. రాత్రి పెరుగన్నమైనా తింటున్నావా, ఆ డబ్బా నూడుల్సే తింటున్నావా?

ఆదివారం లోపు ఫోన్ చెయ్యి. చెయ్యకపోతే సోమవారం పొద్దున బృందావన్ రైలు ఎక్కి మధ్యాహ్నానికి దిగుతాను. స్టేషనుకి రాకు, ఆ మెట్లు ఎక్కి దిగకు. ఆటో మాట్లాడుకుని నేనే వస్తాను. ఇల్లు మారి ఉంటే మాత్రం కొత్త అడ్రసు మెసేజ్ పెట్టు.

ఇట్లు,
అమ్మ