ముందు ఇంట్లో మిగిలేవాళ్ళ రోజు చూడు

ఒరేయ్,

నీ ఉత్తరం నిన్న అందింది. ట్రాన్స్‌ఫర్ ఖాయమైందని చదివి ఎంత సంతోషమేసిందో! మూడో పేజీకి వచ్చేసరికి నీ కంగారంతా కనిపించింది. ఆఫీసుకి దగ్గరగా చూస్తే రెండు గదుల ఇంటికే జీతంలో సగం పోతోందనీ, దూరం వెళ్తే అంతకంటే తక్కువకే మూడు బెడ్‌రూములూ బాల్కనీ వస్తున్నాయనీ రాశావు. నీ మనసు ఆ దూరపు ఇంటి మీదే ఉందని నీ రాతే చెబుతోంది. అడ్వాన్సు ఇచ్చేలోపు నీకిది చేరాలని రాత్రే కూర్చుని రాస్తున్నాను.

నేను తీసుకున్నది సరిగ్గా అలాంటి ఇల్లే రా. చూడ్డానికి ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాం. రోడ్లు ఖాళీ, నలభై నిమిషాల్లో చేరిపోయాం. గాలీ వెలుతురూ బాగున్నాయి, అమ్మకి విడిగా గది. అద్దె విని అక్కడికక్కడే సరేననేశాను. సోమవారం పొద్దున అదే దారికి గంటన్నర పట్టింది. ఆ తర్వాత రెండేళ్ళూ గంటన్నరే.

మావాడికి అప్పుడు ఆరేళ్ళు. వాడు లేవకముందే నేను వెళ్ళిపోయేవాణ్ణి, వాడు నిద్రపోయాక వచ్చేవాణ్ణి. బూట్లు విప్పేటప్పుడు నాకు కనిపిస్తుందని డ్రాయింగు పుస్తకం తెరిచి చెప్పుల స్టాండు మీద పెట్టేవాడు. నేను బొమ్మ కింద పెన్సిలుతో ఒక ముక్క రాసేవాణ్ణి. వాడు పొద్దున లేచి అది చదువుకునేవాడు. మా ఇద్దరికీ మాటలంటే అవే. ఒక రాత్రి వచ్చేసరికి స్టాండు మీద పుస్తకం లేదు. మర్నాడూ లేదు. ఏమైందని వాళ్ళమ్మ అడిగితే, ‘నాన్న ఆదివారం చూస్తాడులే’ అన్నాడట. ఆ వారమే ఇల్లు మారాలని నిశ్చయించుకున్నాం.

అప్పుడు కాగితం తీసి లెక్క వేశాను. రానూపోనూ 3 గంటలు, నెలకి 22 పనిదినాలు అంటే 66 గంటలు. ఏడాదికి 792. అంటే 33 రోజులు, పగలూ రాత్రీ కలిపి! ఇంటికీ ఆఫీసుకీ మధ్య 35 నిమిషాలే అయితే నెలకి 26 గంటలకి లోపే సరిపోతుంది. రెండిళ్ళ అద్దెల తేడాలోంచి నీ ప్రయాణం ఖర్చు తీసెయ్యి. మిగిలినదాన్ని ఆ 40 గంటలతో భాగించు. ఒక్కో గంటనీ ఎంతకి అమ్ముకుంటున్నావో తేలుతుంది. నా లెక్కలో వచ్చిన అంకె చూసి చాలాసేపు మాట రాలేదు.

దూరం అలవాటైపోతుందిలే అని నీకు అందరూ చెబుతారు, నాకూ చెప్పారు. స్టుట్సర్, ఫ్రై అనే ఇద్దరు ఆర్థికవేత్తలు జర్మనీ కుటుంబాల వివరాలు ఏళ్ళ తరబడివి తీసుకుని ఈ సంగతే పరిశీలించారు. 2008లో అచ్చయింది ఆ పని. ఎక్కువ దూరం తిరిగేవాళ్ళకి మంచి ఇల్లో మంచి జీతమో దొరికి అటూ ఇటూ సరిపోవాలి కదా? సరిపోవడం లేదట. ప్రయాణం పెరిగినకొద్దీ జీవితం మీద తృప్తి తగ్గుతూనే ఉందని తేలింది. ఇటలీ శాస్త్రవేత్త మార్కెట్టి 1994లో ఇంకో మాట రాశాడు: బండ్లు మారినా ఊళ్ళు పెరిగినా మనిషి తిరుగుడుకి రోజుకి సగటున గంట దగ్గరే పెడుతూ వచ్చాడని. నువ్వు మూడు గంటలు పెడదామనుకుంటున్నావు. ఆ పై రెండు గంటలూ నిద్రలోంచి పోవాలి, లేదా పిల్లల దగ్గర్నుంచి పోవాలి.

అయితే ఆఫీసు పక్కనే ఇల్లు తీసుకొమ్మని కాదు నేననేది. నువ్వూ నాలాగే ఆఫీసు నుంచే దూరం కొలుస్తున్నావు. ఇంట్లో మిగిలేవాళ్ళ రోజు ఎలా గడుస్తుందో ముందు అది చూడు. కొత్త ఊళ్ళో నీకు తొమ్మిదింటికల్లా పదిమంది మనుషులు దొరుకుతారు. చెల్లెమ్మకి ఎవరు దొరుకుతారు? అక్కడికెళ్ళాక తనూ ఉద్యోగం చూసుకోవాలనుకుంటోందని రాశావు, మరి ఆ మూల నుంచి ఇంటర్వ్యూలకి ఎలా వెళ్తుంది? మీ అమ్మగారు నడిచి వెళ్ళగలిగే చోటు ఒక్కటైనా ఉందా? బస్టాపు పది నిమిషాలే అని బ్రోకరు అంటాడు. అది 800 మీటర్లు, మోకాళ్ళ నొప్పులున్న మనిషికి ఇరవై నిమిషాలు, మధ్యలో కూర్చోడానికి అరుగు కూడా ఉండదు. ఆ పెద్ద ఇంట్లో మా అమ్మ తన గది బాగుందని ఒక్కసారైనా అనలేదు రా. ‘ఇక్కడ ఎవరూ కనపడరేంట్రా’ అనేది.

స్కూలు సంగతి ముందు తేల్చుకో. సీటు వచ్చినట్టు కాగితం చేతికి వచ్చాకే ఇంటి అగ్రిమెంటు. కొన్నిచోట్ల ఎక్కడ ఉంటున్నావన్నది కూడా చూసి సీటిస్తారు, అది కూడా కనుక్కో. స్కూలు చుట్టూ పిల్లలు అరగంటలో వెళ్ళగలిగినంత మేర గీసుకుని, ఇళ్ళు అందులోనే వెతుకు.

వెళ్ళగానే ఏడాదికి సంతకం పెట్టకు. సామాన్లున్న ఫ్లాటు ఏదైనా రెండు నెలలకి తీసుకోండి. అద్దె ఎక్కువే పడుతుంది, నిజమే. తప్పుడు ఇంట్లో ఇరుక్కుంటే మళ్ళీ కమీషనూ, మళ్ళీ లారీ, పిల్లలకి మళ్ళీ కొత్త స్కూలూ, అవన్నీ కలిపితే అంతకంటే ఎక్కువే. మేం అన్నీ కట్టాం. ఇల్లు నచ్చితే పొద్దున ఎనిమిదింటికోసారి, రాత్రి పదింటికోసారి వెళ్ళి చూడు. కిటికీలు మూసి పది నిమిషాలు మాట్లాడకుండా కూర్చో, చప్పుళ్ళు తెలుస్తాయి. కుళాయిలన్నీ తిప్పు. లిఫ్టు చెడిపోతే ఎన్నాళ్ళకి బాగుచేస్తారో ఓనర్ని కాదు, పై అంతస్తు వాళ్ళని అడుగు.

చిన్నింటి కష్టమూ దాచను. రెండు గదులకి మారినప్పుడు పెద్ద బీరువా అమ్మేశాం, మీ వదిన ఏడ్చింది. పిల్లాడి చదువుకి గోడకి మడిచిపెట్టే బల్ల చేయించాం. చుట్టాలొస్తే హాల్లో పక్కలే. మొదటి ఆరు నెలలూ ఒకళ్ళకొకళ్ళం అడ్డం పడుతూనే ఉన్నాం. కానీ రెండో వారం నుంచే అమ్మ సాయంత్రాలు కింద గట్టు మీద ఇద్దరు ముగ్గురితో కూర్చోవడం మొదలుపెట్టింది. నేను ఆరున్నరకల్లా ఇంట్లో ఉన్నాను. వాడు బొమ్మ వేస్తుండగా పక్కన కూర్చుని చూశాను.

నువ్వనుకుంటున్న మూడు ఏరియాల పేర్లూ, స్కూళ్ళ పేర్లూ రాసి పంపు. చెల్లెమ్మ మనసులో ఏముందో తననే విడిగా ఒక పేజీ రాయమను, నీ మాటల్లో వద్దు. నేను సెలవు పెట్టి ఓ సోమవారం వస్తాను. ఆ దూరపు ఇంటి ముందు బస్టాపులో పొద్దున ఏడింటికి ఇద్దరం నిలబడి, నీ ఆఫీసు దాకా వెళ్ళి చూద్దాం. అంతవరకూ అడ్వాన్సు ఇవ్వకు.

నీ
నేను