తొమ్మిది ఫోన్లు, నాలుగు ఫిర్యాదు సంఖ్యలు, ఒక్క జవాబూ లేదు

వినియోగదారుల సేవా విభాగం అధిపతి గారికి,

నమస్కారం. మొదట్లో నా ఫిర్యాదు చికెన్ ముక్కల గురించి. ఇప్పుడు మీ గురించి.

పద్నాలుగు నెలలుగా మీ ప్రొటీన్ భోజనం తెప్పించుకుంటున్నాను. కండ పెరగాలి, పొట్ట పెరగకూడదు అన్నది నా పట్టుదల. 65 కిలోల మనిషిని. కిలోకు 1.6 గ్రాముల లెక్కన రోజుకు 104 గ్రాముల ప్రొటీన్ పడాలి. పొద్దున నాలుగు గుడ్లతో 24 వస్తాయి, రాత్రి సోయా, పెరుగు, శనగలతో నా తంటాలు నేను పడతాను. మధ్యాహ్నం 40 గ్రాములు మీ పూచీ అన్నారు. ఈమధ్య డబ్బా తెరిస్తే అన్నం గుట్ట, దాని వెనక నక్కిన రెండు ముక్కలు. మా అమ్మ వంటింటి కాటా మీద పెట్టి చూశాను: 58 గ్రాములు. ఎంత ఉదారంగా లెక్కేసినా 18 గ్రాముల ప్రొటీన్. మిగతాది అన్నంతో పూడిస్తే ఆ ఫలితం భుజాల్లో కాదు, బెల్టు రంధ్రాల్లో తెలుస్తుంది.

ఇక మీ వాళ్ల సంగతి. మొదటి అమ్మాయి "మీ బాధ అర్థమైంది సర్" అని మూడుసార్లు అని, ఫొటో పంపమంది. పంపాను. రెండు రోజులకు మరొకాయన ఫోను చేసి, ఫొటో డబ్బా మూత తీయకముందే తీసి ఉండాలన్నారు. మూత తీయకుండా లోపలి ముక్కలు ఎలా తూచాలో చెప్పమన్నాను. "పై అధికారికి కలుపుతున్నాను" అన్నారు. పదిహేడు నిమిషాలు వీణ విన్నాను. మంచి వీణే. ఆ తర్వాత లైను తెగిపోయింది.

మూడో ఆయన జ్ఞాని. "సాంబారులో కూడా ప్రొటీన్ ఉంటుంది కదా సర్!" ఉంటుంది నాయనా, వంద గ్రాముల ఎండు కందిపప్పులో 22 గ్రాములు ఉంటుంది. మీ సాంబారులో పప్పు దొరకాలంటే మాత్రం గాలం వేయాలి. ఇదే మాట తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ గేటు ముందు నిలబడి అనగలరా? మా ఇల్లు అక్కడికి దగ్గరే. మీ డబ్బా తెచ్చే కుర్రాడు ఆ గోడ పక్క నుంచే వస్తాడు. ఈ మొత్తం వ్యవహారంలో నన్ను మనిషిగా చూసింది అతనొక్కడే. "కంపెనీకి చెప్పండి సర్" అన్నాడు పాపం. చెబుతూనే ఉన్నాను.

నాలుగో ఆవిడ రోజుకు 90 రూపాయలు అదనంగా కడితే ఇంకో రెండు ముక్కలు వస్తాయన్నారు. నా ముక్కలు నాకే అమ్మడమన్నమాట! ఆ సాయంత్రమే మెసేజ్ వచ్చింది: మీ ఫిర్యాదు పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని నక్షత్రాలు? ఒకటి నొక్కితే "ధన్యవాదాలు" అని వచ్చింది.

వానకు రోడ్లు మునిగి డబ్బా మూడు గంటలు ఆలస్యమైన రోజున నేను ఒక్క మాట అనలేదు. మా జిమ్ము నుంచి అయిదుగురిని మీ దగ్గర చేర్పించాను. వాళ్లిప్పుడు నన్ను చూసి నవ్వుతున్నారు.

ముక్కలు తగ్గించి పంపిన పంతొమ్మిది రోజుల సొమ్ము వాపసు రావాలి, అది ఎలాగూ రావాలి. దానికంటే ముందు, ఈ ఉత్తరం చదివిన మనిషి ఎవరో తన సొంత పేరు చెప్పి నాకు ఫోను చేయాలి. లేదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు నేను ఫోను చేస్తాను. అక్కడా కుదరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. వకీలు లేకుండా నా వాదన నేనే వినిపించుకోవచ్చు. 40 అని ప్రకటించి 18 పెట్టడాన్ని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఏమంటుందో అక్కడే తేల్చుకుందాం. కాటా కూడా తెస్తాను, అమ్మ ఒప్పుకుంది.

శుక్రవారం సాయంత్రం ఆరు గంటల వరకు చూస్తాను. వీణ వద్దు.

ఇట్లు,
మీ పద్నాలుగు నెలల ఖాతాదారు