ఇంగ్లీషువారికీ ఒక రెండో భాష కావాలి

సంపాదకుడికి,

అయ్యా,

ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారు స్పానిష్‌నో మరో భాషనో నేర్చుకోవలసిన అవసరం ఇంకా ఉందా అని ప్రశ్నిస్తూ మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. ప్రపంచమంతా ఇంగ్లీషు నేర్చుకుంటున్నప్పుడు ఇంగ్లీషు పుట్టుకతో వచ్చినవారు ఇంకొకటి నేర్చుకోవడం శ్రమ దండగ అనీ, జేబులోని ఫోనే అనువాదం చేసిపెడుతుందనీ వ్యాసకర్త తేల్చారు. అందులో కొంత నిజం లేకపోతే ఈ ఉత్తరం రాసే పని పడేది కాదు.

రెండో భాష వస్తే ఉద్యోగాలు వెతుక్కుంటూ వస్తాయన్న ప్రచారాన్ని నేనూ నమ్మను. ఇంగ్లీషు రానివారికి ఇంగ్లీషు తెరిచే తలుపులు ఎన్నో, ఇంగ్లీషు వచ్చినవారికి స్పానిష్ తెరిచేవి అన్ని ఉండవు. లాభనష్టాల లెక్క ఒక్కటే చూస్తే వ్యాసకర్తదే పైచేయి. అయితే ఇద్దరు మనుషులు మాట్లాడుకోవాలంటే అర్థం చేసుకునే శ్రమ ఎవరో ఒకరు పడక తప్పదు. ఇంగ్లీషువారు పడనంత మాత్రాన ఆ శ్రమ లేకుండా పోదు, మొత్తంగా ఎదుటివారి నెత్తిన పడుతుంది. వ్యాసంలోని లెక్కలో ఈ పద్దు ఎక్కడా కనిపించలేదు.

అమెరికా సంగతే తీసుకుందాం. అక్కడ ఇంట్లో స్పానిష్ మాట్లాడేవారు 4 కోట్లకు పైగా ఉన్నారు. వీరంతా నిన్నమొన్న వలస వచ్చినవారే అన్నట్లు వ్యాసం ధ్వనించింది గాని, ఆ నేల మీద స్పానిష్ ఇంగ్లీషు కన్నా పాత కాపు. ఫ్లోరిడాలో సెయింట్ ఆగస్టీన్ పట్టణాన్ని స్పెయిన్‌వారు 1565లో స్థాపించారు. ఇంగ్లీషువారు వర్జీనియాలోని జేమ్స్‌టౌన్‌లో తమ తొలి శాశ్వత స్థావరం వేసుకున్నది 1607లో. మెక్సికోతో యుద్ధం ముగిసి 1848లో గ్వాదలూపే హిదాల్గో ఒప్పందం కుదిరినప్పుడు, నేటి కాలిఫోర్నియాతో సహా విశాలమైన భూభాగం, అందులోని స్పానిష్ మాట్లాడే కుటుంబాలతో కలిసి అమెరికా చేతికి వచ్చింది. తాము సరిహద్దు దాటలేదనీ, సరిహద్దే తమను దాటిందనీ అక్కడి మెక్సికన్ సంతతివారు అనే మాట ఆ ప్రాంతాల వరకు అక్షరాలా నిజం. కొలరాడో, నెవాడా, ఫ్లోరిడా అని రోజూ పలుకుతూనే అవి ఏ భాషా పదాలో పిల్లలకు చెప్పకుండా బడి చదువు ముగించడం నాకు వింతగా తోస్తుంది.

ఫోను విషయానికి వస్తే, వైద్యరంగంలో దుబాసీల అవసరాన్ని గురించి మాట్లాడేవారంతా చెప్పుకునే ఒక ఉదంతం ఉంది. 1980లో ఫ్లోరిడాలో 18 ఏళ్ల కుర్రవాడొకడిని స్పృహలేని స్థితిలో ఆస్పత్రికి తీసుకొచ్చారు. అతను ‘ఇంతోక్సికాదో’ అయ్యాడని కుటుంబసభ్యులు చెప్పారు. క్యూబా నుంచి వచ్చిన ఆ కుటుంబం వాడుకలో ఆ మాటకు, తిన్నదో తాగినదో పడక జబ్బుపడ్డాడని అర్థం. వైద్యులకు మాత్రం అది మత్తులో ఉన్నాడని చెప్పే ‘ఇంటాక్సికేటెడ్’ అన్న ఇంగ్లీషు మాటలా వినిపించింది, మత్తుమందు మోతాదు మించిన కేసుగా చికిత్స మొదలైంది. అసలు జరిగింది మెదడులో రక్తస్రావం. దాన్ని గుర్తించేసరికి ఆలస్యమై ఆ యువకుడికి కాళ్లూ చేతులూ చచ్చుబడ్డాయి. ఇందులో గమనించవలసిన సంగతి ఏమిటంటే, తమకు అర్థం కాలేదన్న అనుమానమే ఎవరికీ రాలేదు. అర్థం కాలేదని తెలిస్తేనే కదా మనిషి దుబాసీని పిలిచేదీ, ఫోను బయటికి తీసేదీ! తెలిసిన మాటలాగే వినిపిస్తూ వేరే అర్థమిచ్చే పదాలు స్పానిష్‌లో చాలా ఉన్నాయి. ‘ఎంబరసాదా’ అంటే సిగ్గుపడిన మనిషి కాదు, గర్భిణి. ‘ఎక్సితో’ అంటే బయటికి దారి కాదు, విజయం. ఒక్క ఏడాది ఆ భాష శ్రద్ధగా చదివినవారికి ఇలాంటి చోట ఒక్క క్షణం ఆగి మళ్లీ అడగడం అలవాటవుతుంది. అలా ఆగే అలవాటును ఏ యంత్రమూ మనకు నేర్పదు.

రెండో భాష మనసులో చేసే పని ఇంకొకటి ఉంది, దాన్ని తెలుగు పాఠకులకు చెప్పడం సులువు. ఇంగ్లీషులో ఇష్టపడేవాడే వాక్యానికి కర్త. స్పానిష్‌లో ‘మే గుస్తా’ అంటారు, అది అచ్చంగా మన ‘నాకు ఇష్టం’. కర్త స్థానంలో ఉండేది ఆ నచ్చిన వస్తువు. వస్తున్నానంటే చాలు, ‘నేను’ అని వేరే చెప్పనక్కర లేదన్నది మనకు ఎంత సహజమో స్పానిష్‌వారికీ అంతే. ఇక ‘తూ’, ‘ఉస్తెద్’ అన్న రెండు మాటల మధ్య తేడా మన నువ్వు, మీరు తేడా లాంటిదే. పసిబిడ్డనూ, తాతగారినీ, న్యాయమూర్తినీ ఒకే సర్వనామంతో పిలిచి పెరిగిన పిల్లవాడికి, ఎదుటివారితో తనకున్న బంధాన్ని తేల్చుకోకుండా వాక్యం మొదలుపెట్టలేని భాషలు కూడా ఉన్నాయని తెలియడం చిన్న విషయమేమీ కాదు. రెండు మూడు భాషల మధ్య పెరిగినవారికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర లేదు. ఒక్క ఇంగ్లీషుతోనే పెరిగినవారికి ఎవరో ఒకరు కూర్చోబెట్టి నేర్పాలి.

మరి ఏ భాష? పొరుగున ఎవరున్నారో వారి భాష అన్నది నా సమాధానం. అమెరికాలో ఎక్కువ చోట్ల అది స్పానిష్. పైగా అది దగ్గరి దారి కూడా. అమెరికా దౌత్యవేత్తలకు శిక్షణనిచ్చే ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ లెక్క ప్రకారం ఇంగ్లీషువారు స్పానిష్‌లో పనికి సరిపడే స్థాయికి చేరడానికి పూర్తికాలం చదివితే సుమారు 30 వారాలు చాలు, అరబిక్‌కూ చైనీసుకూ 88 వారాలు కావాలి. (అదే పట్టికలో తెలుగుకు 44 వారాలు, మన క్రియారూపాలు తలచుకుంటే అది తక్కువేనని నా అనుమానం.) 1969 నుంచి ఫ్రెంచ్ కూడా అధికార భాషగా ఉన్న కెనడాలో ఫ్రెంచ్, వేల్స్‌లో వెల్ష్, 1987లో మావోరీకి అధికార హోదా ఇచ్చిన న్యూజిలాండ్‌లో మావోరీ నేర్చుకోవడమే న్యాయం. ఇంట్లో వినికిడి లేని బిడ్డ ఉంటే సంజ్ఞాభాషే ముందు.

ఎలా నేర్పాలన్న దగ్గర మాత్రం వ్యాసకర్తతో సగం దూరం నడుస్తాను. హైస్కూలులో రెండేళ్లు క్రియారూపాలు బట్టీపట్టించి, పరీక్ష అయిన మరుసటి వేసవికి మరిచిపోనిచ్చే పద్ధతి నిజంగానే దండగ. ఆ పద్ధతితో విసిగి చదువునే ఎత్తివేస్తే ఏమవుతుందో ఇంగ్లండ్ చూపించింది. 2004లో 14 ఏళ్లు దాటిన విద్యార్థులకు విదేశీ భాష తప్పనిసరి కాదనగానే ఫ్రెంచ్, జర్మన్ పరీక్షలు రాసేవారు బాగా తగ్గిపోయారు. అమెరికా కళాశాలల్లోనూ ఇంగ్లీషేతర భాషల తరగతుల్లో నమోదు 2016, 2021 మధ్య 16.6 శాతం పడిపోయింది. మేలైన పద్ధతి కొత్తగా కనిపెట్టవలసింది కూడా కాదు. మయామీలోని కోరల్ వే ప్రాథమిక పాఠశాలలో 1963లోనే, క్యూబా నుంచి తరలివచ్చిన కుటుంబాల పిల్లలనూ ఇంగ్లీషు ఇళ్ల పిల్లలనూ ఒకే బడిలో చేర్చి, రోజులో సగం పాఠాలు స్పానిష్‌లో, సగం ఇంగ్లీషులో చెప్పారు. అక్కడ ఎవరి భాషా కేవలం పరీక్షకు చదివే సబ్జెక్టు కాదు, లెక్కలు చేయడానికీ కథలు చదవడానికీ అదే దారి.

ఈ విషయంలో అమెరికా ప్రభుత్వాలు అంతకు ముందూ ఆ తర్వాతా వెనక్కీ ముందుకీ ఊగిసలాడుతూనే ఉన్నాయి. చిన్న తరగతుల పిల్లలకు ఇంగ్లీషు తప్ప మరో భాష నేర్పకూడదన్న నెబ్రాస్కా రాష్ట్ర చట్టం కింద, ఒక బాలుడికి జర్మన్‌లో చదవడం నేర్పిన ఉపాధ్యాయుడికి 25 డాలర్ల జరిమానా వేస్తే, అమెరికా సుప్రీంకోర్టు 1923లో ఆ చట్టాన్ని కొట్టివేసింది. కాలిఫోర్నియా ఓటర్లు 1998లో ద్విభాషా బోధనకు కళ్లెం వేసి, 2016లో తామే విప్పారు. 2025 మార్చి 1న ఇంగ్లీషును అధికార భాషగా ప్రకటించిన అధ్యక్ష ఉత్తర్వు, ఇంగ్లీషు అంతగా రానివారికి ప్రభుత్వ సేవలు అందేలా చూడాలన్న 2000 నాటి ఉత్తర్వును రద్దు చేసింది. ఆ సేవలు ఆపమని అందులో లేదు గాని, ఆపకుండా ఉండటం ఇక ఆయా శాఖల ఇష్టం. ఈ మార్పుతో భాషాశ్రమ పూర్తిగా ఒకవైపే ఒరిగింది. స్పానిష్ ఇంటి బిడ్డ ఇంట్లోని భాషను మరిచిపోతే బాగా కలిసిపోయాడని మెచ్చుకునే సమాజమే, అదే భాషలో నాలుగు ముక్కలు పలికిన ఇంగ్లీషు ఇంటి బిడ్డను ప్రతిభావంతుడంటుంది. మొదటి బిడ్డ మరిచిపోకుండా చూసే బడే రెండో బిడ్డకు చవకగా స్పానిష్ నేర్పగల బడి అన్న సంగతి పాలకులకు ఎందుకు తట్టదో నాకు బోధపడదు.

కనుక హైస్కూలులోని ఆ రెండేళ్ల పాఠాలను తీసివేయాలంటే వ్యాసకర్తతో పాటు నేనూ చేయి ఎత్తుతాను. అయితే ఆ గంటలను, ఆ జీతాలను ఒకటో తరగతికి మార్చాలన్న షరతు మీద.

భవదీయుడు,
ఒక పాఠకుడు